మహానగరాలు – వాటి జలాధారాలు

తెలుగులో ‘ఊరు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. నామవాచకమైతే జనులు నివసించే చోటు. క్రియ అయితే చెలమలో నీరు ఉబికి రావడం. ఉర్దూలో ‘ఆబాదీ’ అంటే జనావాసం, జనసంఖ్య కూడా. ‘ఆబ్’ అంటే నీరు. ఈ జంటల మధ్య నిజమైన వ్యుత్పత్తి సంబంధం ఉన్నదంటే భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించకపోవచ్చు. నేనూ పట్టుబట్టను. అయినా ఉభయ భాషలు చదివే ఈ పత్రిక పాఠకులకు ఆ పోలిక ఒక సత్యాన్ని గుర్తు చేస్తుంది. పూర్వం నీరు ఊరిన చోటనే ఊరు వెలసేది. నేటి మహానగరాల విషయంలో ఈ క్రమం తలక్రిందులైంది. అక్కడ ముందు జనం చేరతారు. నీటికోసం వెతుకులాట తరువాత.

ఈ వ్యాసానికి ప్రేరణ తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. అతనిది దోర్నాల దగ్గరి పల్లె. అన్న హైదరాబాదులో తాపీపనికి పోయి అక్కడే కాపురం పెట్టాడు. “సార్, మా అన్న అక్కడ కొళాయిలో కృష్ణ నీళ్ళు పట్టుకుంటున్నాడు. కొండకు అవతలనే కృష్ణ ఉన్నా మేము ఇక్కడ డబ్బా నీళ్ళు కొనుక్కుంటున్నాం. కృష్ణ మాకు దగ్గరా, హైదరాబాదుకు దగ్గరా?” అన్నాడు. తరగతి నవ్వింది. నేను తెలుగు అధ్యాపకుణ్ణి. భూగోళశాస్త్రం నా విషయం కాదు. ఆనాడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. తరువాత కూడబెట్టుకున్న సమాధానమే ఇది.

నగర నిర్మాణాన్ని గూర్చి ఆలోచించిన పూర్వికులు నీటిని మొదటి షరతుగా పెట్టారు. పదునాల్గవ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో నగరానికి స్థలం ఎన్నుకొనేటప్పుడు చూడవలసిన వాటిని చెబుతూ మంచి గాలిని, దగ్గరలో నదిని గాని తీయని ఊటలను గాని, పశువులకు మేతభూమిని, పంటపొలాలను, వంటచెరకును లెక్కించాడు. వీటిని చూసుకోకుండా కట్టిన నగరాలు నిలువలేదని కూడ అన్నాడు. అదే శతాబ్దంలో మనకు ఎంతో దూరం కాని పోరుమామిళ్ళలో, బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు పెద్ద చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, దాన్ని చెరిపే ఆరు దోషాలనూ ఆ శాసనం వివరిస్తుంది. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ విజయనగర కాలంలో వెలసిన కంభం చెరువును మన విద్యార్థులు చూసే ఉంటారు. ఆ కట్టమీద నిలబడినప్పుడు ఒక విషయం గమనించాలి. నీరు నిలిచే చోటు, పొలం, ఊరు మూడూ కంటి చూపు మేరలోనే ఉంటాయి. చెరువు ఎండితే ఊరికి ఆ సంగతి ఆ రోజే తెలుస్తుంది. మహానగరవాసికి లేనిది ఈ చూపే.

ఇందుకు హైదరాబాదు కథ మంచి ఉదాహరణ. నగరం పుట్టక ముందే, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతాన హుస్సేన్ సాగర్ తయారైంది. గోలకొండ కోటకు దుర్గం చెరువు నీరు మట్టిగొట్టాల ద్వారా చేరేది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ ఒడ్డున నగరానికి పునాది వేశాడు. తరువాత మూడు శతాబ్దాలు బావులు, చెరువులు, మూసీ కలిసి నగరాన్ని పోషించాయి. 1901 జనాభా లెక్కలలో హైదరాబాదు జనసంఖ్య సుమారు నాలుగున్నర లక్షలు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పరీవాహకంలోని వందలాది చెరువులలో రెండు వందలకు పైగా తెగి, ఒకదాని నీరు మరొకదానిపై పడి, నదికి ఇరువైపుల బస్తీలు తుడిచిపెట్టుకు పోయాయి. మృతులు సుమారు పదిహేను వేలని అంచనా. ఉర్దూ విద్యార్థులకు రుబాయీల కవిగా పరిచితుడైన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకొని ఒంటరిగా మిగిలాడు. ఆయన కవిత్వంలోని వైరాగ్యాన్ని పాఠంగా చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పకపోవడం లోపమని నా అభిప్రాయం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూట యాభై మంది బ్రతికారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ విపత్తు తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. 1909లో ఆయన వచ్చి పరిశీలించి, నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు కట్టాలని సూచించాడు. ఆయన ప్రధాన లక్ష్యం వరదను ఆపడం. ఆపిన నీటిని తాగడానికి వాడుకోవడం అదనపు లాభం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఒకే కట్టడంతో వరదకు కళ్ళెం, దాహానికి నీరు. పైగా ఎత్తునుండి పల్లానికి తనంత తానే పారే నీరది. తోడిపోయడానికి విద్యుత్తు అక్కరలేదు. గండిపేట నీరు ఒకసారి తాగినవాడు హైదరాబాదు విడువడన్న నానుడి అలా పుట్టింది.

ఆ నీరు చాలకపోవడానికి నలభై ఏండ్లు కూడ పట్టలేదు. 1965లో మంజీరా నీరు తెచ్చారు. 1981లో దాన్ని పెంచారు. 1990 దశకం మొదట సింగూరు జలాశయాన్ని ఆశ్రయించారు. 2004లో నాగార్జునసాగర్ నుండి కృష్ణ నీరు చేరింది. 2008లో రెండవ దశ, 2015లో మూడవ దశ. అదే 2015లో ఎల్లంపల్లి నుండి సుమారు నూట ఎనభై కిలోమీటర్ల దూరం గోదావరి నీరు కూడ వచ్చింది. ఈ వరుసను మరొకసారి చూడండి. మొదట నగరంలోని చెరువు, పిదప నగరపు అంచునున్న నది, ఆపైన పొరుగు జిల్లా నది, చివరకు రాష్ట్రాలు దాటి వచ్చే మహానదులు. 2011 జనగణన నాటికి నగరపాలక సంస్థ పరిధిలోనే 67 లక్షల మంది. జనం పెరిగిన కొద్దీ నగరం చేయి మరింత దూరం సాగింది.

ఇందులో తప్పేమున్నదని అడగవచ్చు. దాహం గొన్నవారికి నీరు తేవడం తప్పు కాదు. తేలిక కూడ కాదు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 1,700 అడుగుల ఎత్తున ఉంది. అనగా ప్రతి బిందె నీటినీ వెయ్యి అడుగులకు పైగా ఎత్తి, వంద కిలోమీటర్లకు పైగా నడిపించాలి. మూడు దశలూ కలిసి రోజుకు 27 కోట్ల గ్యాలన్లు. ఏడాదికి సుమారు 16 టి.ఎం.సి. గండిపేట ఉచితంగా చేసిన పనిని ఇప్పుడు విద్యుత్తు చేస్తున్నది. ఆ విద్యుత్తుకు బొగ్గు మరెక్కడో తవ్వాలి. బియ్యం, పాలు, ఇసుక సంగతీ ఇంతే. నగరం తన పొలిమేరలో పండించుకొనేది, తవ్వుకొనేది స్వల్పం. కాని బియ్యాన్ని డబ్బిచ్చి కొంటుంది. నీటి దగ్గరికి వచ్చేసరికి దాని స్వస్థలానికి ముట్టేది దాదాపు శూన్యం.

నాకు బాధ కలిగించేది మరొకటి. దూరపు నీరు వచ్చిన ప్రతిసారీ దగ్గరి నీటిపై శ్రద్ధ సన్నగిల్లింది. హుస్సేన్ సాగర్ ఒకప్పుడు తాగునీటి చెరువు. మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు చేరి అది ఆ యోగ్యతను కోల్పోయింది. నగరంలోని అనేక కుంటలు, చెరువులు ఇళ్ళ స్థలాలైనాయి. జంట జలాశయాలను కాపాడడానికి 1996 మార్చిలో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో పరిశ్రమలను, భారీ కట్టడాలను అది నిషేధించింది. కృష్ణ, గోదావరి నీరు వస్తున్నది కనుక నగరం ఇక ఈ జలాశయాలపై ఆధారపడి లేదన్న వాదన బలపడి, 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. విశ్వేశ్వరయ్య ఆ ఆనకట్టలను తాగునీటికి మాత్రమే కట్టమనలేదన్న సంగతి ఆ వాదనలో మరుగున పడింది. చెరువుల దారి మూసిన నగరంలో వాననీటికి పోవడానికి చోటుండదు. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ హైదరాబాదు బస్తీలు మునిగినప్పుడు ఇదే కనిపించింది. ఒకే నగరం వేసవిలో నీటికై అలమటిస్తుంది, వానాకాలంలో నీటిలో మునుగుతుంది.

వాడిన నీటిలో నూటికి ఎనభై వంతులు మురుగుగా బయటకు వస్తాయని ఇంజనీర్లు లెక్క కడతారు. హైదరాబాదు విషయంలో ఆ దారి మూసీయే. నగరానికి దిగువ పల్లెలు ఆ నీటితోనే గడ్డి, వరి పెంచుతున్నాయి. ఈ దిగువనే ఉన్న నల్లగొండ ప్రాంతం ఫ్లోరైడ్ పీడకు పేరు మోసింది. తాగునీటిలో ఫ్లోరైడును పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా ‘నల్లగొండ పద్ధతి’ అని పిలుస్తుంది. కృష్ణ నీరు గొట్టాలలో ఆ జిల్లా మీదుగానే హైదరాబాదుకు పోయింది.

చెన్నై కథ మనకు మరింత సమీపమైనది. ఆ నగరానికి చెప్పుకోదగిన జీవనది లేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తమ కృష్ణా వాటాల నుండి ఒక్కొక్కటి 5 టి.ఎం.సి. చొప్పున చెన్నైకి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో తెలుగుగంగ పథకం ఆరంభమైంది. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు వద్ద బయలుదేరిన నీరు వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా 1996లో పూండి చేరింది. ఒక నగరపు దాహాన్ని నాలుగు రాష్ట్రాలు కలిసి తీర్చడం నిజంగా గొప్ప విషయం. చెన్నైలో లక్షలాది తెలుగువారున్నారు. వారు కాకున్నా దాహం దాహమే. అయితే ఇంత చేసినా 2015 డిసెంబరులో చెన్నై వరదలో మునిగింది, 2019లో జలాశయాలెండి జోలార్‌పేట నుండి రైళ్ళలో నీరు తెప్పించుకుంది. దూరపు నీరు దగ్గరి చెరువుకు ప్రత్యామ్నాయం కాదన్నది హైదరాబాదు చెప్పిన మాటే. చెన్నై దాన్ని మరింత గట్టిగా చెప్పింది.

ఇక శ్రీశైలం జలాశయానికి ఇవతలి వైపు, మన దోర్నాలకు వద్దాం. దోర్నాల నుండి ఘాట్ దారిలో సుమారు యాభై కిలోమీటర్లు పోతే శ్రీశైలం. ఆ జలాశయం నీరు నల్లమలకు పడమటగా వందల కిలోమీటర్లు చుట్టి చెన్నై చేరింది. దిగువకు విడిచిన నీరు నాగార్జునసాగర్ మీదుగా హైదరాబాదు చేరింది. కొండకు తూర్పున, ప్రకాశం జిల్లా పడమటి భాగమని చిరకాలంగా వ్యవహరిస్తూ వచ్చిన దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాలకు మాత్రం కొండ అడ్డమైంది. ఇక్కడ వాన తక్కువ. బోరు ఎంత లోతుకు దింపితే ఫ్లోరైడు భయం అంత ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పండ్లు గారపట్టడం ఆరంభమవుతుంది; ఇంకా బాగా పెరిగితే ఎముకలు వంగుతాయి. ఇది నేడు కనిపెట్టినది కాదు. మన దేశంలో ఈ వ్యాధిని గూర్చిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లోనే, నాటి నెల్లూరు జిల్లా పల్లెలను గూర్చి వెలువడింది. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోవే.

నా విద్యార్థి ప్రశ్నకు ఇక లెక్కలో సమాధానం చెప్పవచ్చు. మన ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మురుగు వ్యవస్థ గల నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, మహానగరంలో 150 లీటర్లు ఇవ్వాలి. పల్లెలో చాలాకాలం 40 లీటర్లే ప్రమాణం. 2019లో జలజీవన్ మిషన్ వచ్చాక 55 అయింది. మరుగుదొడ్ల నీరు, మురుగు కాల్వలు అని కారణాలు చెబుతారు. కారణాలు ఉండవచ్చు. కాని తాపీపనికి నగరం పోయిన అన్న, పొలం చూసుకుంటూ పల్లెలో ఉన్న తమ్ముడు ఒకే తల్లి బిడ్డలు. రైలెక్కగానే అన్న దాహం మూడింతలు పెరిగిందా?

ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఒక టి.ఎం.సి. నీరు పద్నాలుగు లక్షల మందికి ఏడాదంతా సరిపోతుంది. పడమటి ప్రాంతపు వెలిగొండ పథకం తాగునీరివ్వదలచిన జనసంఖ్య సుమారు 15 లక్షల 25 వేలు. అనగా వీరందరి దాహానికి కావలసినది ఒక టి.ఎం.సి. కంటె కొంచెం ఎక్కువ. బచావత్ ట్రిబ్యునల్ శ్రీశైలం జలాశయంలో ఎండకు ఆవిరైపోయే నీటి కింద లెక్క కట్టినది 33 టి.ఎం.సి. ఈ రెండంకెలను పక్కపక్కన నల్లబల్లపై వ్రాసినప్పుడు తరగతిలో ఎవరూ నవ్వలేదు.

ఆ జలాశయం కూడ అక్షయపాత్ర కాదు. తొలినాళ్ళలో దాని నిల్వ సామర్థ్యం 308 టి.ఎం.సి.; పూడిక చేరి తరువాతి సర్వేలో సుమారు 215కు దిగిపోయింది. దానికోసం 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు ఖాళీ అయినాయి. దాని చుట్టూ ఉన్న నల్లమల పులుల అభయారణ్యం; అందుకే రాత్రివేళ ఘాట్ దారిని మూసివేస్తారు. అడవిలో గొడ్డు మేపరాదు, కట్టె కొట్టరాదు. ఆ నియమాలు అవసరమైనవే. వానను పట్టి మెల్లగా వాగులలోకి విడిచేది ఆ అడవి. గుండ్లకమ్మ పుట్టింది అక్కడే. కాని ఆ కట్టుబాట్ల భారం మోసేది చెంచుగూడెం, కొండకింది పల్లె. ఫలం పొందేవారి చిట్టాలో వీరి పేరు లేదు.

అలా ఉండనక్కరలేదని చూపిన నగరాలున్నాయి. న్యూయార్కు నగరానికి నీరు చాలావరకు దూరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల పరీవాహకం నుండి వస్తుంది. అంత నీటినీ వడపోసే భారీ కర్మాగారం కట్టుకొనే బదులు, 1997లో ఆ నగరం ఎగువ గ్రామాలతో ఒడంబడిక చేసుకుంది. రైతులు వాగులను శుభ్రంగా ఉంచడానికి, అక్కడి మురుగు వ్యవస్థలు బాగుచేయడానికి నగరమే డబ్బిచ్చింది. సింగపూరు 2003 నుండి తన మురుగునే శుద్ధి చేసి తిరిగి వాడుకుంటున్నది. మన దేశం సింగపూరు కాదని వెంటనే అంటారు. కాదు నిజమే. కాని పారే నది ఒడ్డున కూర్చొని వుజూ చేసేటప్పుడు కూడ నీరు వృథా చేయరాదన్న ప్రవక్త బోధ వింటూ పెరిగినవాళ్ళం. పగిలిన గొట్టం రోడ్డుపాలు చేసే నీటిని చూసి ఇది మన స్వభావమని సరిపెట్టుకోలేను. మహానగరపు నీటి బిల్లులో ఒక చిన్న భాగం ఆ నీరు వచ్చిన నేలకు తిరిగి చేరే ఏర్పాటు ఉంటే, అది దానం కాదు, ధర.

వెలిగొండ సంగతి చెప్పి ముగిస్తాను. కమ్యూనిస్టు శాసనసభ్యుడు పూల సుబ్బయ్య ఏండ్ల తరబడి దీనికోసం పోరాడాడు. పథకానికి ఆయన పేరే పెట్టారు. శంకుస్థాపన 1996 మార్చిలో జరిగింది. హైదరాబాదు జలాశయాలకు రక్షణ ఉత్తర్వు వచ్చినదీ ఆ నెలలోనే. చెన్నైకి కృష్ణ నీరు చేరినదీ ఆ ఏడాదే. మూడింటిలో చెన్నై నీరు పారింది, ఉత్తర్వు నిలిచి సడలింది, మన పథకం రాయి దగ్గర ఆగింది. 2005లో పనులు మళ్ళీ మొదలైనాయి. శ్రీశైలం జలాశయపు కొల్లంవాగు నుండి దోర్నాల మండలం కొత్తూరు వరకు నల్లమల కడుపులో రెండు సొరంగాలు, ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. పైన పులుల అడవి ఉన్నందున మధ్యలో ఎక్కడా పైనుండి తవ్వే వీలు లేక, యంత్రం ఒక కొసనుండే తొలుచుకుంటూ పోవలసి వచ్చింది. మొదటిది 2021లో, రెండవది 2024 జనవరిలో పూర్తయ్యాయి. ఆ మార్చిలో రెంటినీ జాతికి అంకితం చేశారు.

ఇందులో ఒక మెలిక ఉంది. చెన్నై 15 టి.ఎం.సి. రాష్ట్రాల వాటాలనుండి వచ్చిన నీరు. వెలిగొండకు తలపెట్టిన 43.5 టి.ఎం.సి. మాత్రం వరద వచ్చినప్పుడు మళ్ళించుకొనే మిగులు జలం. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం పదకొండవ షెడ్యూలులో ఈ పథకానికి చోటు దొరికింది గాని, కరువు ఏటికి హామీ దొరకలేదు. పంట పొలాలకు వరద నీరు సరిపోతే సరిపోవచ్చు. తాగునీటికి కావలసిన ఆ ఒక్క టి.ఎం.సి.ని అయినా మిగులు నుండి తీసి నికర జలాల పద్దులో వ్రాయించాలని అడగడం న్యాయమని నేను భావిస్తున్నాను.

నీరు నిలువ చేసే నల్లమలసాగర్ కింద మనవే పదకొండు గ్రామాలు మునుగుతాయి. నగరాలను మనం అడిగే ప్రశ్నను ఆ గ్రామాలవారు రేపు మార్కాపురాన్ని, కనిగిరిని అడుగుతారు. సొరంగాల ప్రారంభోత్సవం జరిగిన నాటికి వారి పునరావాసం పూర్తి కాలేదు.